కప్పతల్లి కురిపించిన ముప్పై ఒక్క మిల్లీమీటర్లు

2019 జూలై. హుజూరాబాద్‌కు కొంచెం ఇవతల ఒక మండలంలో గణాంక అధికారిగా పనిచేస్తున్నాను. గణాంక అధికారి అంటే ఏం చేస్తావే అని మంచిర్యాలలో మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. ఎన్ని ఎకరాల్లో ఏ పంట వేశారు, సంతలో కందిపప్పు ఎంత పలికింది, ఎన్ని బావుల్లో నీళ్లున్నాయి, ఇవన్నీ రాసి పైకి పంపే కొలువు. వీటన్నిటిలో నన్ను ఎక్కువ సతాయించింది వాన. వాన లెక్క రాసేది నేనే గనుక వాన కురిపించేది కూడా నేనే అని జనం నమ్మకం. బస్సులో, కిరాణా దుకాణంలో, పెళ్లి భోజనాల దగ్గర ఒకటే ప్రశ్న: "మేడమ్, వాన ఎప్పుడు వడ్తది?" పడబోయేది నాకు తెలియదు తల్లీ, పడ్డదాన్ని కొలవడమే నా పని అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

కొలిచే సాధనం చూస్తే నవ్వొస్తుంది. ఆఫీసు వెనక మోకాలెత్తు కంచె, మధ్యలో సిమెంటు దిమ్మె, దాని మీద రెయిన్ గేజ్. పైన జానెడు వెడల్పు గరాటు, లోపల ఒక సీసా, అంతే. గరాటులో పడ్డ వాన సీసాలోకి దిగుతుంది. పొద్దున ఎనిమిదిన్నరకు మూత తీసి, ఆ నీళ్లను గీతలున్న గాజు పాత్రలో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి రిజిస్టర్లో రాయాలి. రెండున్నర మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే దాన్ని 'రెయినీ డే' అంటాం, అంటే వాన రోజు. అంతకు తగ్గితే మీరు తడిసినా సరే, కాగితం మీద అది వాన రోజు కాదు.

దాని పక్కనే బ్యాటరీతో పనిచేసే యంత్రం కూడా ఒకటుండేది. తనంతట తానే కొలిచి, తనంతట తానే పైకి పంపుతుంది. ఆ వేసవిలో దాని బ్యాటరీ పోయింది. కొత్తది పంపమని మూడు ఉత్తరాలు రాశాను. మూడింటికీ "పరిశీలనలో ఉంది" అని జవాబొచ్చింది. కాబట్టి ఆ ఏడు మా మండలానికి వాన ఎంత అంటే, ఆ సీసాలో ఎంత ఉంటే అంత.

సీసా చూసేవాడు సామెలన్న. మా ఆఫీసులో అటెండరు. మిషన్ కాంపౌండ్ వెనక ఇల్లు, ఆదివారం తప్పకుండా గుడి, మిగతా ఆరు రోజులూ తప్పకుండా ఆఫీసు. ముప్పై ఏళ్లకు పైగా ఆ సీసా చూస్తున్నాడు. ఆదివారం కూడా ముందు ఇక్కడికొచ్చి సీసా చూసి, అంకె రాసి, అప్పుడు ఆరాధనకు పోతాడు. అలాంటి మనిషితో జూన్‌లో నేను కయ్యం పెట్టుకున్నాను. ఈ కథలో తప్పెవరిదో వెతికేవాళ్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

రిజిస్టర్లో చివరి గడి 'రిమార్క్స్'. పరికరం పగిలితేనో సీసా పొర్లితేనో రాయడానికి. సామెలన్న దాన్ని సొంత డైరీ చేసుకున్నాడు. "పడమటి గాలి దుమారం." "మబ్బు వట్టి పోయింది." "చీమలు గుడ్లు మోస్తున్నయి." ఆ ఏడు అంతా ఆన్‌లైన్. నేను రోజూ అంకెను పోర్టల్‌లో ఎక్కించాలి. అందులో చీమలకు గడి లేదు. ఒకరోజు ఆయన రాత అర్థంకాక, గడి దాటి పక్క పేజీలోకి పాకిన ఆ వాక్యం ఏమిటో చదువుకోలేక, చిరాకెత్తి గట్టిగా అరిచాను.

"సామెలన్నా, నీకు దండం పెడతా. అంకె రాయి, చాలు. రిమార్క్స్ ఖాళీగా ఉంచు. ఈ పురాణం ఎవరు చదువుతరు?"

"సరే మేడమ్," అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి గడి తెల్లగా ఉంది. పేజీ శుభ్రంగా ఉందని నేను మురిసిపోయాను కూడా.

ఇక వాన సంగతి. మా కరీంనగర్ వైపు ఏడాది మొత్తంలో పడే వానలో ముప్పావు వంతుకు పైగా జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆ నాలుగు నెలల్లోనే పడుతుంది. తిరుగు ముఖం పట్టిన మేఘాలు అక్టోబర్‌లో ఒకటి రెండు వానలు ఇస్తాయి. చలికాలంలో, ఎండాకాలంలో పడేది చెప్పుకోదగ్గది కాదు. ఆదిలాబాద్ అడవుల వైపు ఇంకాస్త ఎక్కువ. ఇదంతా బడి పుస్తకంలో ఉంటుంది. పుస్తకంలో లేనిదేమిటంటే, ఆ నాలుగు నెలల్లో ఏ వారం ఎంత పడ్డదన్నదే రైతు బతుకు. మిరుగం కార్తెలో పడి విత్తనం మొలిపించి, ఆరుద్రలో, పునర్వసులో ఆగి ఆగి తడిపితే పంట. మిరుగంలో ఆశ పెట్టి, నెల మాయమై, మఖలో మూడు రోజులు కుండపోతగా పడితే కూడా సీజన్ మొత్తం అదే అంకె రావచ్చు. మా పై ఆఫీసులకు ఆ మొత్తం అంటే ఎంత ప్రేమో చెప్పలేను. మొత్తం సగటుకు దగ్గరగా ఉంటే 'నార్మల్' అని రాసి ఫైలు కట్టేస్తారు. వారం రోజుల అన్నం ఒక్క పూటలో పెట్టి, మనిషికి తిండి సరిపోయిందని రాసినట్టు.

అయితే ఒక్క మంచి నిబంధన ఉండేది. పంట కాలంలో వరుసగా మూడు వారాలు వాన రోజు అన్నది లేకపోతే దాన్ని 'డ్రై స్పెల్', అంటే ఎడతెగని ఎండు కాలం, అని లెక్కవేస్తారు. అలాంటి మండలాల జాబితా తీసి, మాడిపోయిన పత్తి స్థానంలో వేసుకోవడానికి కందులు, ఆముదాలు లాంటి విత్తనాలు వెంటనే పంపుతారు. వెంటనే అన్నదే ముఖ్యం. కార్తె దాటితే ఆ కందులు పప్పు వండుకోవడానికే పనికొస్తాయి.

ఆ జూలైలో మా మీద మబ్బు వచ్చేది, చూసేది, పోయేది. కాలువ నీళ్లందే ఊళ్లు ఎలాగో నెట్టుకొచ్చాయి. కాలువ ఎక్కని చెలకల్లో పత్తి మొలకలు ఒకసారి మాడి, మళ్లీ విత్తితే మళ్లీ మాడాయి. నెలాఖరుకు జాబితా వచ్చింది. మా చుట్టూ ఉన్న మండలాలన్నీ ఉన్నాయి. మాది లేదు.

కారణం నాకు తెలుసు. నేను ఎక్కించిన అంకే. నెల నడిమిలో ఒక సోమవారం పొద్దున సీసాలో ముప్పై ఒక్క మిల్లీమీటర్లు ఉంది. సామెలన్న రాశాడు, నేను పోర్టల్‌లో పెట్టాను. ముందు పది రోజులు సున్నా, తర్వాత పదిహేను రోజులు సున్నా, నడుమ ఒక మంచి వాన. డ్రై స్పెల్ రెండు ముక్కలైంది, ఏ ముక్కా మూడు వారాలు లేదు. నేను ఆ ఆదివారం మంచిర్యాలలో మా అవ్వ దగ్గర ఉన్నాను. అక్కడ చినుకులు పడ్డాయి. ఇక్కడ ఓ మబ్బు తెగి పడి ఉంటుందిలే అనుకున్నాను. అలా పడటం మామూలే.

జాబితా వచ్చిన రెండో రోజే లచ్చవ్వ వచ్చింది. ఆఫీసును ఆనుకున్న పల్లె ఆమెది. అరవై దాటి ఉంటుంది. కోడలితో కలిసి రెండెకరాల చెలక చేసుకుంటుంది, కొడుకు దుబాయిలో ఉంటాడు. కుర్చీ చూపించినా కూచోలేదు.

"నీ ఆఫీసు మీద ఒక్కదాని మీదనే కురిసిందా బిడ్డా వాన?" అంది. "మా చెలుక గీడికి ఎంత దూరం? పిలిస్తె ఇనవడ్తది. ఒక్క చుక్క రాలే. మా కొడుకు దుబాయికెల్లి ఫోన్ జేసి, 'అవ్వా, మన దిక్కు మంచి వాన వడ్డదట గదా, ఫోన్ల చూసిన' అంటుండు. వాడు సముద్రం అవతల ఉండి చూసిండట. నేను చెలుకల నిలవడి చూడలేదట!"

"అవ్వా, సీసాలో పడ్డదే రాస్తం. మా ఇష్టం వచ్చినట్టు రాయం."

"అయితె నీ సీసాకు దయ్యం వట్టింది."

"సీసాకు దయ్యం పట్టదవ్వా."

"మరి నాకు వట్టిందా? రెండు పాల్ల గింజలు వెట్టిన. రెండు పాల్లు మాడిపాయె. ఇంట్ల ఇంకో పిడికెడు లేవు. పక్క మండలపోల్లకు కందులు ఇస్తున్నరు, మీకు వాన వడ్డది పో అంటున్నరు మమ్ముల. చెలుక బీడు వెట్టి నేనేం తినాలె, నీ మిల్లీమీటర్లా?"

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, కానీ ఎదురుగా ఉన్నది ఆమే గనుక కసురుకున్నాను. నా అంకె తప్పని చదువురాని మనిషి చెప్పడం ఏమిటి అన్న పొగరు కూడా అందులో ఉంది, ఇప్పుడు దాచడమెందుకు. సామెలన్నను పిలిచి, ఆమె ముందే అడిగాను.

"ఆ సోమవారం సీసాలో ముప్పై ఒకటి ఉన్నదా లేదా?"

"ఉన్నది మేడమ్."

"విన్నావా అవ్వా! అంతకు ముందు రోజు వాన పడ్డదా సామెలన్నా?"

"వాన నేను చూడలే మేడమ్. సీసా చూసిన."

నేను తల పట్టుకున్నాను. "అంటే ఏందన్నా? నువ్వు ఈ ఊళ్లోనే ఉంటవు కదా?"

"ఆదివారం పొద్దుగాల సీసా చూసిన. సున్న. గుడికి పోయిన. మా ఇంటి దిక్కు వడలే. గిటు దిక్కు వడ్డదేమో తెల్వది. సోమవారం వచ్చిన. సీసాల నీళ్లున్నయి. ఉన్నది రాసిన."

"నేల తడిగా ఉందా?"

"లేదు."

"నేల పొడిగా ఉండి సీసాలో ముప్పై ఒక్క మిల్లీమీటర్లు ఉంటే నీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది."

"మరి రాయొద్దా?"

"ఏడ రాయాలె మేడమ్?" అన్నాడు సామెలన్న. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడుగుతున్నాడు. "రిమార్క్స్ ఖాళీ ఉంచుమన్నరు గదా. గరాటుల వేపాకులు గూడ ఉండె. తీసి పారేసి, గరాటు తుడిచి, అంకె రాసిన."

"వేపాకులా? మన ఆవరణలో వేపచెట్టు ఎక్కడుంది?"

చెట్టు ఉండకూడదనే నియమం. గేజ్ దగ్గర చెట్టు ఉంటే వాన గరాటులో సరిగా పడదని చుట్టూ ఖాళీగా ఉంచుతాం. రోడ్డు అవతల కూడా వేపచెట్టు లేదు. నేనూ సామెలన్నా ఒకరి ముఖం ఒకరం చూసుకుంటున్నాం. అప్పటిదాకా కుర్చీ ముట్టని లచ్చవ్వ మెల్లగా కూచుంది.

"గా వేపాకులు మావి బిడ్డా," అంది.

ఆ మాట తర్వాత ఆమె చెప్పినదాన్ని నేను మధ్యలో రెండుసార్లు ఆపి, మళ్లీ చెప్పించుకున్నాను. వానలు పడకపోతే మా వైపు కప్పతల్లి ఆడతారు. రోకలికి గుడ్డ కట్టి, అందులో కప్పను పెట్టి, వేపరెమ్మలు చుట్టి, ఇద్దరు భుజాన మోస్తారు. ఆడవాళ్లంతా ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటివాళ్లూ కప్ప మీద చెంబుతో నీళ్లు పోయాలి. ఆ ఆదివారం లచ్చవ్వే ముందుండి పల్లెలో ఆడించింది. ఇళ్లన్నీ అయ్యాక మా ఆఫీసు కనిపించింది. తాళం వేసి ఉంది.

"ఊరంత వోసిండ్రు. సర్కారు ఇల్లు ఒక్కదాన్ని ఎట్ల ఇడిచిపెడ్తం? సర్కారు గూడ వాన అడగాలె గదా. సామెలు దినాం వచ్చి గా బుడ్డిల చూస్తడు, వాన ఎంత వడ్డదో పైకి చెప్తడు అని మాకు ఎరుకనే. సర్కారు వాన బుడ్డి అదే గదా అని, రోకలి దానిమీద వట్టి, నేనే వోసిన. రెండు చెంబులు. కప్ప మీదికెల్లి కారి గా బుడ్డిల వడ్డయి."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆ రెంటినీ మించి ఒళ్లు మండింది. వాన పడాలని మొక్కి పోసిన నీళ్లు, వాన పడిందని సాక్ష్యం చెప్పి, మొక్కినవాళ్ల నోట్లోనే మన్ను కొట్టాయి. దానికి సర్కారు ముద్ర వేసింది నేను.

నేను లెక్కల మనిషిని గనుక వెంటనే పరీక్ష పెట్టాను. గరాటు మూతి వైశాల్యం రెండు వందల చదరపు సెంటీమీటర్లు. అందులో సరిగ్గా లీటరు నీళ్లు పోస్తే యాభై మిల్లీమీటర్ల వాన కింద లెక్క. లచ్చవ్వ ఇంటి నుంచి ఆ ఇత్తడి చెంబు తెప్పించాను. సామెలన్న రోకలికి బదులు కర్ర పట్టుకున్నాడు, దానికి వేపరెమ్మ కట్టాం. కప్పను మాత్రం పెట్టలేదు. లచ్చవ్వ ఆ రోజులాగే రెండు చెంబులు పోసింది. సగం బయటికి పోయింది, సగం లోపలికి. కొలిస్తే ఇరవై తొమ్మిది.

"రెండు తక్కువున్నది," అన్నాడు సామెలన్న.

"కప్ప లేదు గదా," అంది లచ్చవ్వ.

అంకె తప్పని తేలింది. దిద్దితే చాలు అనుకున్నాను. అంత తేలిగ్గా అయ్యేదైతే ఇది చెప్పుకునేంత అనుభవం అయ్యేదే కాదు. పోర్టల్‌లో ఆ వారం అప్పటికే లాక్ అయింది. జిల్లాలో ఆ పని చూసే ఉద్యోగికి ఫోన్ చేశాను.

"వాన పడలేదనడానికి ప్రూఫ్ పెట్టండి మేడమ్," అన్నాడాయన.

"పడని వానకు ప్రూఫ్ ఏముంటది సార్? చుట్టుపక్కల మండలాలన్నీ ఆ రోజు సున్నానే కదా."

"పక్కది పక్కదే. మీరే అంకె ఇచ్చిండ్రు, మీరే కాదంటుండ్రు. రిజిస్టర్లో ఆ రోజు రిమార్క్స్ ఏమన్నా ఉందా? ఉంటే స్కాన్ చేసి పెట్టండి, ఇవ్వాలే అయిపోతది."

ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందో ఆయనకు చెప్పలేదు. చెప్పుకోవడానికి నాకు సిగ్గేసింది. రిమార్క్స్ లేకపోతే నీళ్లు పోసినవాళ్ల రాతపూర్వక వాంగ్మూలం, ఐదుగురు సాక్షుల సంతకాలు, ఇంతకు ముందు ఇలా దిద్దిన ఉదాహరణ ఏదైనా ఉంటే దాని నకలు కావాలన్నాడు.

ఉదాహరణ కోసం సామెలన్న నన్ను స్టోరు గదికి తీసుకెళ్లాడు. పాత రిజిస్టర్లు గోనె సంచిలో ఉన్నాయి. "లచ్చవ్వ చెప్పినంక యాదికొచ్చింది మేడమ్. ఒకపాలి గిట్లనే అయింది. లచ్చవ్వ అత్త వోసింది. నేను కొలువుల చేరిన కొత్తల," అన్నాడు. ఏ ఏడో గుర్తు లేదు. ఆ మధ్యాహ్నం నేల మీద కూచుని ఒక్కో పేజీ తిప్పాను. నేను అరిచి ఆపించిన ఆ పురాణమంతా ముప్పై ఏళ్లది అందులో ఉంది. "మిరుగం తొలి వాన. అరకలు కట్టిండ్రు." "ముసురు, రెండో రోజు." "ముసురు, ఐదో రోజు. గుడి కప్పు కారింది." "ముసురు. కట్టెలు తడిసి పొయ్యి అంటుకోలేదు." "వాగు వచ్చింది. బస్సు రాలేదు."

తిప్పుతూ తిప్పుతూ ఉంటే ఒకటి గమనించాను. పాత పుస్తకాల్లో ముసురు అన్న మాట పేజీ పేజీకీ ఉంది. సన్నగా, ఆగకుండా, రోజుల తరబడి పడే వాన. నడిమి పుస్తకాల్లో అది పలచబడింది. చివరి ఏడెనిమిది పుస్తకాల్లో వెతుక్కోవాల్సి వచ్చింది. దాని బదులు "గంట సేపు దంచింది, మల్ల ఎండ" అని, "ఒక్క రాత్రిల సీసా నిండింది" అని రాసి ఉంది. పేజీల అడుగున ఏడాది మొత్తాలు చూస్తే అంత తేడా కనిపించలేదు. పైకి వెళ్లింది ఆ మొత్తాలే. ఒక్క సీసాతో వాతావరణం మీద తీర్పు చెప్పకూడదని నాకు తెలుసు. కానీ మా మండలంలో వాన ఎట్లా మారిందని నన్ను ఎవరైనా అడిగితే, నా దగ్గరున్న పట్టికలన్నీ కలిపి చెప్పలేనిది ఆ అటెండరు గీతల్లో ఉంది. ఆ గడినే నేను ఖాళీగా ఉంచమన్నాను.

వెతికింది కూడా దొరికింది. కాగితం పసుపు తిరిగింది గాని అక్షరం స్పష్టంగా ఉంది: "సీసాల నీళ్లు ఉన్నయి. కప్పతల్లి నీళ్లు. వాన కాదు. లెక్కల వేయలేదు." కింద అప్పటి అధికారి పచ్చ సిరా సంతకం. ఆ పెద్దమనిషికి ఈ ఒక్క వాక్యం చదివే ఓపిక ఉంది.

మిగిలింది వాంగ్మూలం. మర్నాడు పంచాయతీ ఆఫీసు అరుగు మీద ఆడవాళ్లంతా కూడారు. అక్కడ కొత్త తంటా. సర్కారు సామాను ముట్టుకున్నారని కేసు పెడతారేమోనని కొందరి భయం. ఎవరి వల్ల కందులు ఆగాయో అప్పటికే అందరికీ తెలిసింది, లచ్చవ్వ వైపు చూసే చూపులు బాగాలేవు. "ముందుకు ముందుకు పోయి అన్నిట్ల నీదే పెత్తనం," అని ఒకామె మొహం మీదే అంది. నేను రాసుకొచ్చింది చదివాను: "సదరు నీరు వర్షపు నీరు కాదు. అది అసత్య నమోదు..."

"గట్ల రాయకు బిడ్డా," అంది లచ్చవ్వ.

"ఎట్ల రాయాలవ్వా మరి?" విసుగ్గా అన్నాను. పోస్టు పోయే బస్సుకు అరగంటే ఉంది.

"కప్పతల్లి నీళ్లు అసత్యం అని నేను సంతకం వెట్ట. నీళ్లు మేమే వోసినం అని రాయి. వాన అడిగినం అని రాయి. ఇయ్యలేదు అని రాయి."

కలం పట్టుకుని ఆమె ముఖంలోకి చూశాను. ఆమె కళ్లలో నీళ్లు లేవు, కోపం కూడా తీరిపోయింది. ఉన్నది ఉన్నట్టు రాయమంటోంది. నేను తెచ్చిన కాగితం చించేసి, ఆ మూడు మాటలూ ఆమె చెప్పినట్టే రాశాను. మహిళా సంఘంలో నేర్చుకున్న సంతకం కింద నింపాదిగా పెట్టింది. ఆమె పెట్టాక మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చి పెట్టారు. పెత్తనం అన్నామె అందరికన్నా చివర పెట్టింది.

జిల్లా నుంచి ఫోన్ వచ్చింది. "ఇదేం వాంగ్మూలం మేడమ్, 'ఇయ్యలేదు' అంటే ఎవరు ఇయ్యలేదు?"

"వాన సార్," అన్నాను. "ఇంకెవరు ఇస్తరు?"

ఆయన ఫైలును పైకి పంపాడు, పైవాళ్లు ఇంకా పైకి పంపారు. పన్నెండు రోజులు. రోజుకు రెండు ఫోన్లు చేశాను. ఒకరు భోజనానికి పోయారు, ఒకరు మీటింగులో ఉన్నారు, ఒకరికి పాస్‌వర్డ్ గుర్తులేదు. చివరికి ఆ సోమవారం సున్నా అయింది, మా మండలం జాబితాలో చేరింది. అప్పటికి కందులు, ఆముదాలు వేసే అదను దాటింది. మాకు ఉలవలు వచ్చాయి. పంచిన రోజు నుంచే వాన పట్టుకుంది. మూడు రోజులు. జూలై అంతా ఇవ్వనిది ఒక్కసారే తెచ్చి కుమ్మరించింది. సామెలన్న సీసా రోజుకు రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. లచ్చవ్వ చెలక ఆరేదాకా ఆగి ఉలవలు చల్లింది, అవి మొలిచాయి. పత్తి పండాల్సిన చోట ఉలవలు. బీడు పడలేదు, అంత వరకు నయం.

సెప్టెంబర్ చివర సీజన్ నివేదిక వచ్చింది. మా మండలం పక్కన ఒకే మాట: నార్మల్. ఆ కాగితాన్ని లచ్చవ్వకు చూపించే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ రోజే సామెలన్నను పిలిచి, నేను అరిచింది తప్పన్నా అని చెప్పాను. రిమార్క్స్ మళ్లీ రాయమన్నాను. పోర్టల్‌లో గడి లేకపోతే లేకపోనీ, పుస్తకంలో ఉంది కదా. "చీమలు గూడ రాయాల్నా మేడమ్?" అని అడిగాడు. "చీమలు కూడా రాయి," అన్నాను.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది పెద్దదేమీ కాదు. అంకె రాసేటప్పుడు దాని పక్కన మనిషి రాసే మాటకు కూడా చోటు ఉంచాలి. ఆ చోటును శుభ్రం పేరుతో తుడిచేస్తే, ఎవరి చెలక మాడుతుందో మన కుర్చీలోంచి కనిపించదు. ఇది నాకు తెలియడానికి ఒక మండలం విత్తే అదను కోల్పోవాల్సి వచ్చింది. అందుకే ఇది నేర్చుకున్నానని గొప్పగా చెప్పుకోలేను.

మరుసటి ఏడు వేసవిలో సామెలన్న రిటైరయ్యాడు. చివరి రోజు కూడా ఎనిమిదిన్నరకు వచ్చి, మూత తీసి చూసి, పుస్తకం నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. అంకె గడిలో సున్నా ఉంది. పక్క గడిలో ఇలా ఉంది: "సీసా ఖాళీ. నేల గూడ చూసిన. పొడి."